సభకు హాలు ఇవ్వరు, రాస్తే నోటీసు ఇస్తారు: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు సభలు, నాటకాలు, కాలేజీ పత్రికలు, వాట్సాప్ పోస్టుల చుట్టూ వచ్చే చిక్కుల మీద పదేపదే అడిగే ప్రశ్నలివి. కలెక్టర్ ఆఫీసు, మున్సిపాలిటీ, యూనివర్సిటీ, పోలీస్ స్టేషన్ లాంటి ప్రభుత్వ సంస్థలు మాట్లాడనివ్వనప్పుడు ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం. చాలాచోట్ల అడ్డంకి నోటిమాటగానే వస్తుంది. "వద్దు" అన్నది కాగితం మీదికి రానంతవరకు కోర్టుకు చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. అందుకే కింది జవాబుల్లో చాలా భాగం ఆ కాగితం ఎలా రాబట్టాలి అన్నదాని గురించే.

భావప్రకటన హక్కు ఏ సంస్థల మీద పనిచేస్తుంది? ప్రైవేటు కాలేజీ మీద కూడానా?

రాజ్యాంగం 12వ అధికరణ కింద "రాజ్యం" అనిపించుకునే ప్రతి సంస్థ మీదా పనిచేస్తుంది. బరంపురం యూనివర్సిటీ, ప్రభుత్వ కాలేజీలు, మున్సిపాలిటీలు, చిన్న పట్టణాల నోటిఫైడ్ ఏరియా కౌన్సిళ్లు (ఎన్‌ఏసీలు), ప్రభుత్వ గ్రంథాలయాలు, దూరదర్శన్, ఎల్‌ఐసీ అన్నీ ఇందులోకి వస్తాయి. ప్రైవేటు కాలేజీ అయితే దారి ఇరుకు. అది చేసే పనిలో ప్రజా విధి ఉందని చూపిస్తేనే 226వ అధికరణ కింద హైకోర్టు జోక్యం చేసుకుంటుంది. అఫిలియేషన్ ఇచ్చిన యూనివర్సిటీని కూడా ప్రతివాదిగా చేర్చితే కొంత బలం వస్తుంది. ఇక అపార్ట్‌మెంట్ సంఘం, కులసంఘం, వాట్సాప్ గ్రూపు అడ్మిన్ మిమ్మల్ని తీసేస్తే ఈ హక్కు అక్కరకు రాదు.

ఏ కారణాలతో ఆపవచ్చు?

భావప్రకటన హక్కుకు హద్దులు చెప్పే రాజ్యాంగం 19(2)లో ఉన్నవి ఎనిమిదే: దేశ సార్వభౌమత్వం-సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహసంబంధాలు, ప్రజాశాంతి, సభ్యత-నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ప్రేరేపణ. ఈ జాబితాకు బయట కొత్త కారణాలు కలపడానికి వీల్లేదని కౌశల్ కిశోర్ కేసులో 2023 జనవరి 3న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. "ఆఫీసుకు చెడ్డపేరు వస్తుంది", "పైవాళ్లకు నచ్చదు", "ఇక్కడి భాష కాదు" అన్నవి ఆ ఎనిమిదిలో లేవు.

ఎనిమిదింట్లో ఒకటి ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. ఆంక్షకు వెనక చట్టం ఉండాలి. 1985లో కేరళలో జాతీయగీతం పాడలేదని ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపేశారు. వాళ్లు గౌరవంగా లేచి నిలబడేవారు, పాడేవారు కాదు, అంతే. 1986లో బిజో ఇమాన్యుయేల్ కేసు తీర్పు ఇస్తూ, విద్యాశాఖ సర్క్యులర్లకు చట్టబలం లేదనీ, వాటితో ఈ హక్కును కత్తిరించలేరనీ సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఎవరైనా "సర్క్యులర్ ఉంది" అంటే, అది ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద జారీ అయిందో అడగండి. నంబరు, తేదీ కూడా అడగండి.

తెలుగు సభకు టౌన్‌హాల్ అడిగాం. "కుదరదు" అని నోటితో చెప్పి పంపేశారు. ఇప్పుడేం చేయాలి?

ముందుగా చట్టం ఎంతవరకు మీ వైపు ఉందో తెలుసుకోవాలి. ప్రభుత్వ ఆవరణ ఏదైనా సరే సభ పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు. రైల్వే ఆవరణలో సమావేశాలు పెట్టుకునే హక్కు ఉద్యోగులకు లేదని 1969లోనే నిరంజన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ టౌన్‌హాల్ సంగతి వేరు. అద్దె కట్టిన ప్రతి సంఘానికీ ఇస్తున్న హాలు మీకు మాత్రం ఇవ్వకపోతే 14వ అధికరణ కింద వివక్ష ప్రశ్న వస్తుంది, భావప్రకటన హక్కు ఇచ్చే 19(1)(ఎ) దానికి తోడవుతుంది. అందుకని "మాకు హక్కు ఉంది" అన్న వాదన కంటే "మిగతావారికి ఇచ్చారు, మాకు ఎందుకు ఇవ్వరు" అన్న వాదన ముందు పెట్టాలి. వీధుల్లో సభల విషయంలో హిమ్మత్‌లాల్ షా కేసు (1972) ఉంది. ఏ ప్రమాణం లేకుండా అధికారి ఇష్టానికి వదిలేసిన అనుమతి నిబంధనను ఆ కేసులో కొట్టేశారు.

దరఖాస్తు కనీసం మూడు వారాల ముందు ఇవ్వండి. అంతకంటే ఆలస్యమైతే, తేదీ దగ్గరపడ్డాక కోర్టుకు వెళ్తే, విచారణకు వచ్చేలోగా సభ రోజు దాటిపోతుంది. దరఖాస్తులో ఈ నాలుగు వాక్యాలూ తప్పక ఉండాలి:

"ఫలానా తేదీ సాయంత్రం 5 నుంచి 9 గంటల వరకు టౌన్‌హాల్‌లో తెలుగు సాహిత్య సభ జరుపుకోవడానికి అనుమతి కోరుతున్నాం. నిర్ణీత అద్దె, డిపాజిట్ కట్టడానికి సిద్ధంగా ఉన్నాం. అనుమతి కుదరని పక్షంలో ఏ చట్టంలోని ఏ నిబంధన కింద, ఏ కారణంతో నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా తెలపగలరు. ఫలానా తేదీలోగా జవాబు రాకపోతే నిరాకరించినట్టుగానే భావిస్తాం."

రెండు కాపీలు పట్టుకెళ్లండి. ఒకటి రిసీట్ సెక్షన్‌లో ఇచ్చి, రెండోదాని మీద సీలు, తేదీ, డైరీ నంబరు వేయించుకోండి. సీలు ఉండి డైరీ నంబరు లేకపోతే తర్వాత "మా దగ్గరికి రాలేదు" అన్న మాట వినాల్సి వస్తుంది. తీసుకోవడానికి ఒప్పుకోకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ అయినట్టు వచ్చే ట్రాకింగ్ పేజీని ప్రింటు తీసి ఉంచండి. మున్సిపాలిటీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌కు రాసినదాని కాపీ సబ్ కలెక్టర్‌కూ కలెక్టర్‌కూ పంపండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, హైకోర్టు అధికారిని ఫలానా పని చేయమని ఆదేశించాలంటే మీరు అడిగినట్టూ, వారు కాదన్నట్టూ లేక పట్టించుకోనట్టూ కనపడాలి. రాతపూర్వకంగా కాదంటే ఇంకో మేలు ఉంది. ఆర్డరులో రాసిన కారణాల మీదే దాని మంచిచెడ్డలు తేలాలి, తర్వాత అఫిడవిట్‌లో కొత్త కారణాలు అతికించకూడదు అని మొహిందర్ సింగ్ గిల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ సంగతి తెలిసిన అధికారి, చెప్పుకోదగ్గ కారణం లేనప్పుడు రాసివ్వడానికి జంకుతాడు. చాలాసార్లు అనుమతి దొరికేది అక్కడే.

దరఖాస్తు తెలుగులో ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు. 350వ అధికరణ ప్రకారం దేశంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ పెట్టుకునే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో, 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ నేలమీద, తెలుగు అర్జీని వెనక్కి నెట్టడం ఎవరికీ తగదు. అయితే హక్కు ఒకటి, పని జరగడం ఒకటి. తెలుగు అర్జీకి ఒడియా ప్రతి కూడా జతచేసి ఇవ్వండి. లేకపోతే "అనువాదం కోసం పంపాం" అన్న పేరుతో రెండు వారాలు పోతాయి. అలాగని ఒడియా ప్రతి మాత్రమే ఇచ్చి తెలుగుది మానేయవద్దు. ఫైలులో తెలుగు కాగితం ఉండటం, రాజ్యాంగం 29(1) కింద మన భాష, లిపి కాపాడుకునే హక్కు గురించి రేపు వాదించడానికి ఆధారం అవుతుంది.

"గొడవలు అవుతాయి" అని పోలీసులు ఆపుతున్నారు. అది సరైన కారణమేనా?

అవతలివాళ్లు బెదిరించారు కాబట్టి మీ సభ ఆపుతామనడం చెల్లదు. రంగరాజన్ కేసులో (1989) సుప్రీంకోర్టు దీన్ని సూటిగా చెప్పింది: వ్యతిరేకుల బెదిరింపుకు లొంగి భావప్రకటనను అణచడం చట్టబద్ధ పాలనను వదులుకోవడమే, రక్షణ కల్పించడం రాజ్యం బాధ్యత. ప్రమాదం ఊహల్లో ఉంటే చాలదు, మాటకూ ఆ ప్రమాదానికీ దగ్గరి, సూటి సంబంధం ఉండాలి.

నిజంగానే ఆంక్ష పెట్టాలనుకుంటే సబ్ కలెక్టర్ లాంటి మేజిస్ట్రేట్ బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 163 కింద ఆర్డరు ఇస్తారు. పాత 144 సెక్షన్ అదే. స్టేషన్ బాధ్యుడైన ఇన్‌స్పెక్టర్ (ఐఐసీ) ఫోను చేసి చెప్పింది ఆర్డరు కాదు. 163 ఆర్డరు రెండు నెలలకు మించి నిలవదు, ప్రత్యేక పరిస్థితుల్లో రాష్ట్ర ప్రభుత్వం మాత్రమే మరో ఆరు నెలల వరకు పొడిగించగలదు. ఈ ఆర్డర్లను ప్రచురించాలనీ, న్యాయమైన అభిప్రాయాలను నొక్కడానికి వాడకూడదనీ, మళ్లీమళ్లీ ఇచ్చుకుంటూ పోవడం అధికార దుర్వినియోగమనీ 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో తీర్పు వచ్చింది. ఆర్డరు ఇచ్చిన మేజిస్ట్రేట్ దగ్గరికే వెళ్లి మార్చమని, తీసేయమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు మీ మాట వినాలి, తోసిపుచ్చితే కారణాలు రాయాలి. కటక్‌లోని హైకోర్టుకు వెళ్లేముందు ఈ మెట్టు ఎక్కడం మంచిది. ఖర్చు తక్కువ, పైగా కారణాలు చేతికొస్తాయి.

మైకు అనుమతి వేరే విషయం, దాన్ని దీనితో కలపకండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ నిషేధం 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల్లోది, అందరికీ వర్తిస్తుంది. నాటకం తెల్లవార్లూ ఆడాలనుకుని మైకు అనుమతి మరిచిపోతే, సభ ఆపడానికి సక్రమమైన సాకు మీరే చేతికిచ్చినట్టు అవుతుంది.

శాంతి కమిటీలో కూర్చోబెట్టి "ఇకమీదట రాయను, క్షమాపణ చెబుతున్నాను" అని సంతకం చేయించుకున్నారు. దానికి కట్టుబడాలా?

అక్కర్లేదు. 2015లో తమిళనాడులోని నామక్కల్‌లో ఒక నవలాకారుడి చేత అధికారులు ఇలాగే రాయించుకున్నారు. అలాంటి ఒప్పందానికి కట్టుబాటు బలం లేదని 2016 జూలైలో మద్రాసు హైకోర్టు స్పష్టం చేసింది. సంతకం పెట్టక తప్పని పరిస్థితి ఉంటే, బయటికొచ్చిన రోజే కలెక్టర్‌కు, ఎస్పీకి స్పీడ్ పోస్టులో రాయండి: ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరెవరు ఉండగా, ఏ పరిస్థితిలో సంతకం చేయాల్సి వచ్చిందో. వారం తర్వాత రాస్తే "ఇష్టపూర్వకంగానే చేశారు" అన్న మాట గట్టిపడుతుంది.

బీఎన్‌ఎస్‌ఎస్ 126 కింద శాంతి బాండు (శాంతికి భంగం కలిగించనన్న పూచీ) నోటీసు వస్తే అది వేరు. దానికి హాజరు కావాలి. అందిన సమాచారం సారాంశం ఆ నోటీసులో ఉండాలి. లేకపోతే మొదటి వాయిదాలోనే లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పండి.

కాలేజీ పత్రికలో వ్యాసం వేయలేదు, పోస్టరు అంటించినందుకు సస్పెండ్ చేశారు. ఏది కోర్టులో నిలుస్తుంది?

రెండింటిలో సస్పెన్షన్ మీది కేసు బలమైనది. షోకాజ్ నోటీసు, ఆరోపణల కాపీ, జవాబు చెప్పుకునే గడువు ఇవ్వకుండా ఇచ్చిన శిక్ష సహజన్యాయానికి విరుద్ధం. 2025 మేలో పుణెలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థినిని సోషల్ మీడియా పోస్టు పేరుతో, ఆమె వాదన వినకుండానే కాలేజీ తీసేసింది. బాంబే హైకోర్టు ఆ ఆర్డరును నిలిపివేసి, పరీక్షలు రాయనివ్వమని చెప్పింది. పరీక్షల తేదీ దగ్గర్లో ఉంటే పిటిషన్‌లో టైంటేబుల్, హాల్‌టికెట్ జతచేయండి. అత్యవసరంగా వినడానికి కోర్టును ఒప్పించేవి అవే.

పత్రికలో వేయకపోవడం కాస్త కష్టమైన కేసు. ఎంపిక చేసుకునే అధికారం సంపాదకుడికి ఉంటుంది. కానీ ప్రభుత్వ డబ్బుతో నడిచే పత్రిక ఒక పక్షం వేసి, దానికి జవాబు వేయనంటే కుదరదు. మనుభాయ్ షా కేసు (1992) సరిగ్గా ఇదే: తన పథకాలను విమర్శించిన వ్యాసానికి ఎల్‌ఐసీ సొంత పత్రికలో జవాబు వేసుకుంది, ఆ జవాబుకు విమర్శకుడు రాసిన సమాధానాన్ని మాత్రం వేయలేదు. వేయాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో, భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద తీసిన డాక్యుమెంటరీని ప్రసారం చేయకపోవడానికి దూరదర్శన్ చెప్పిన కారణాలు కూడా నిలవలేదు.

నేను ప్రభుత్వ టీచర్ని. కథలు రాస్తాను, ఫేస్‌బుక్‌లో అభిప్రాయాలు పెడతాను. ఎక్కడి దాకా వెళ్లొచ్చు?

ఉద్యోగంలో చేరినంత మాత్రాన హక్కు పోదు. 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో ఉద్యోగుల ప్రదర్శనలన్నిటినీ నిషేధించిన బిహార్ నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది, సమ్మె మీద ఆంక్షను మాత్రం ఉంచింది. 2020లో త్రిపుర హైకోర్టు, ఫేస్‌బుక్ పోస్టు పెట్టిన ఉద్యోగినికి భావప్రకటన హక్కు ఉందంటూ ఆమెపై చర్యను రద్దు చేసింది.

అయినా 1959 నాటి ఒడిశా ప్రభుత్వోద్యోగుల ప్రవర్తన నియమావళి మీకు వర్తిస్తుంది. ప్రభుత్వ విధానాన్ని పేరు పెట్టి విమర్శించడం, ఫైలు కాగితాలు బయటపెట్టడం, పార్టీ ప్రచారం, ఈ మూడింటి దగ్గరే చార్జిషీట్లు వస్తాయి. కథ, కవిత, భాషావ్యాసం సాధారణంగా ఇబ్బంది పెట్టవు. మీ పేరు కింద హోదా, స్కూలు పేరు రాసుకోవడం మానేయండి. ఆఫీసు ఫోను, ఆఫీసు వైఫై, బడి సమయం అసలే వద్దు. పోస్టు చేసిన గంట చూసి "డ్యూటీలో ఉండగా" అన్న రెండో ఆరోపణ కలుపుతారు.

శిక్ష పడితే ముందు శాఖాపరమైన అప్పీలు గడువులోగా వేయండి. ఒడిశా అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ 2019లో రద్దయింది కాబట్టి రాష్ట్ర ఉద్యోగులు ఇప్పుడు నేరుగా హైకోర్టుకే వెళ్లాలి. రైల్వే, పోస్టల్ లాంటి కేంద్ర ఉద్యోగులైతే కటక్‌లోని కేంద్ర అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ (క్యాట్).

గ్రంథాలయంలోంచి ఒక తెలుగు పుస్తకం తీసేశారు. నిషేధించినట్టేనా?

కాదు. నిషేధం అంటే బీఎన్‌ఎస్‌ఎస్ 98 కింద రాష్ట్ర ప్రభుత్వం కారణాలు చెప్తూ గెజిట్ నోటిఫికేషన్ ఇవ్వాలి. దాన్ని 99 కింద రెండు నెలల్లోగా హైకోర్టులో సవాలు చేయవచ్చు, ముగ్గురు జడ్జిల ప్రత్యేక ధర్మాసనం వింటుంది. గెజిట్ లేకుండా లైబ్రేరియన్ అరలోంచి తీసేస్తే, తొలగింపు ఆర్డరు కాపీ, స్టాక్ రిజిస్టర్‌లో ఆ పేజీ సమాచార హక్కు కింద అడగండి. చిరిగిపోయిందని రాశారా, ఎవరి ఆదేశమో రాశారా అన్నది అక్కడ బయటపడుతుంది.

సమాచార హక్కు దరఖాస్తు ఇక్కడ ఎలా వేయాలి? ఎందుకు తిరిగొస్తుంది?

మూడు కారణాలకు తిరిగొస్తుంది. ఒకటి, భాష. 350వ అధికరణ అర్జీలకు వర్తిస్తుంది, కానీ సమాచార హక్కు చట్టం 6(1) ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంత అధికార భాష అంటుంది. ఇక్కడ అంటే ఒడియా. తెలుగులో వేస్తే తిప్పి పంపే వీలుంది. రెండు, ఫారం. ఒడిశాలో తెల్లకాగితం చెల్లదంటారు. ఫారం-ఎ నింపి, గుర్తింపు కార్డు కాపీ జతచేసి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించండి. మూడు, ప్రశ్న వేసే తీరు. "మాకు హాలు ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే అది సమాచారం కాదని కొట్టేస్తారు. ఇలా అడగండి: మా ఫలానా డైరీ నంబరు దరఖాస్తు ఫైలులోని నోట్‌షీట్ల కాపీలు, గత ఏడాదిలో హాలు ఇచ్చిన సంఘాల జాబితా, అద్దె రశీదుల కాపీలు, హాలు కేటాయింపు నియమాల కాపీ. వివక్షను నిరూపించేది ఆ రెండోదే. కారణాల కోసం అదే చట్టంలోని 4(1)(డి)ని ఎత్తిచూపుతూ వేరే లేఖ రాయండి. ఆ క్లాజు ప్రకారం నిర్ణయం వల్ల దెబ్బతిన్నవారికి కారణాలు చెప్పడం సంస్థ బాధ్యత.

జవాబుకు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో భువనేశ్వర్‌లోని సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

నేను ఉండేది బరంపురంలో. నా పోస్టు మీద ఇచ్ఛాపురంలో ఎఫ్‌ఐఆర్ అయిందట. ఎక్కడికి వెళ్లాలి?

ముందు ఎఫ్‌ఐఆర్ కాపీ సంపాదించండి. సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది, ఆంధ్రప్రదేశ్ పోలీసుల సైటులో వెతకండి. అరెస్టు భయం ఉంటే మీ జిల్లా సెషన్స్ కోర్టులో గానీ ఒడిశా హైకోర్టులో గానీ పరిమిత కాలానికి ట్రాన్సిట్ ముందస్తు బెయిల్ అడగవచ్చు. ఎఫ్‌ఐఆర్ వేరే రాష్ట్రంలో ఉన్నా ఇవ్వవచ్చని 2023 నవంబర్‌లో ప్రియా ఇందోరియా కేసులో తేలింది. ఆ గడువులోగా శ్రీకాకుళం జిల్లా కోర్టుకు వెళ్లాలి. ఎఫ్‌ఐఆర్ కొట్టేయమని అడగాలంటే సాధారణంగా అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో, బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద.

సెక్షన్లు చూసుకోండి. ఇలాంటి కేసుల్లో ఎక్కువగా పెట్టేవి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత, పాత ఐపీసీ స్థానంలో వచ్చినది) 196 (వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం), 299 (మతభావాలను గాయపరచడం), 353 (అల్లర్లు రేపే వదంతులు). ఏడేళ్ల లోపు శిక్ష పడేవాటికి వెంటనే అరెస్టు చేయకుండా, హాజరు కమ్మని బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు ఇవ్వడం మామూలు పద్ధతి కావాలి. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని పట్టించుకోకుండా ఉండవద్దు, వకీలు ద్వారా "చట్టప్రకారం నోటీసు ఇవ్వండి, హాజరవుతాను" అని రాతలో జవాబు పంపండి. మాటలు, రాతల మీద మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న ఫిర్యాదు వస్తే బీఎన్‌ఎస్‌ఎస్ 173(3) కింద ముందు 14 రోజుల ప్రాథమిక విచారణ జరపడం తగినదని 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో వచ్చిన తీర్పు మీ పిటిషన్‌లో తప్పక ఉండాలి. అది ఒక కవిత మీద పెట్టిన ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేసిన తీర్పు.

ఆన్‌లైన్ పోస్టుల మీద పెట్టే ఐటీ చట్టం 66ఎ సెక్షన్ ఎవరైనా ఎత్తితే, అది 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ తీర్పుతోనే పోయిందని చెప్పండి.

హైకోర్టుకు వెళ్లాలంటే కటక్ దాకా తిరగాలా? ఏయే కాగితాలు కావాలి?

ప్రతిసారీ అక్కర్లేదు. ఒడిశా హైకోర్టు 2023లో జిల్లాల్లో వర్చువల్ హైకోర్టు కేంద్రాలు తెరిచింది, కొరాపుట్, మల్కన్‌గిరి మొదటి విడతలోనే వచ్చాయి. మీ వకీలు అక్కడినుంచే వాదించవచ్చు.

పిటిషన్‌కు దరఖాస్తు, డైరీ నంబరు ఉన్న కాపీ, నిరాకరణ ఆర్డరు లేదా డెలివరీ రుజువు, సమాచార హక్కు జవాబులు కావాలి. హైకోర్టు వ్యవహారం ఇంగ్లీషులో కాబట్టి తెలుగు కరపత్రం, కవిత, నాటకం స్క్రిప్టుకు అనువాదం జతచేయాలి. కేసులు ఇక్కడ దెబ్బతింటాయి. వివాదమైన నాలుగు పంక్తులే అనువదిస్తే సందర్భం పోతుంది, మొత్తం రచన అనువదించండి. పోలీసులు వేసిన అనువాదం తప్పనిపిస్తే పంక్తి నంబర్ల వారీగా రెండూ పక్కపక్కన పెట్టిన పట్టిక ఇవ్వండి.



వకీలుకు ఇచ్చుకోలేం. ఉచిత సాయం ఉందా?

ఉంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేదు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.

పోస్టు తీసేయించారు, ఇప్పుడు రుజువు ఎలా?

తీసేయకముందే స్క్రీన్‌షాట్ తీయాలి, అందులో లింకు, తేదీ, సమయం కనపడాలి. తీసిన ఫోను అమ్మేయకండి, రీసెట్ చేయకండి. కోర్టులో ఆ ప్రింటు చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చినది) 63(4) కింద సర్టిఫికెట్ కావాలి. దాని మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన ఫొటోకు అసలు ఫైలు హాష్ రాదు. అందుకని అసలు ఫైలును ఫోను నుంచి నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ రోజే సర్టిఫికెట్ రాయించుకోండి.